లావు రివెట్లను బుజ్జగిస్తే మాట వినవు

ముందు మీ సమస్య నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. హైదరాబాద్ శివారు నాదర్‌గుల్ దగ్గర షెడ్డులో రెండు సీట్ల ఆల్‌మెటల్ విమానం కిట్ కడుతున్నారు. తోక భాగమంతా 3/32, 1/8 అంగుళాల రివెట్లతో (రేకులను కలిపి బిగించే లోహపు మేకులు), గాలితో కొట్టే 2ఎక్స్ రివెట్ గన్‌తో ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. ఇప్పుడు రెక్కను మోసే ప్రధాన దూలం, అంటే స్పార్ దగ్గరికి వచ్చేసరికి 3/16 రివెట్లు, రూట్ (రెక్క మొదలు) దగ్గర కొన్ని 1/4 రివెట్లు. ఇప్పటికి పద్నాలుగు కొట్టారు. ఒక్కోదానికి పది పన్నెండు సెకన్లు పట్టింది. కొన్ని పక్కకి వాలాయి, మూడింటి అంచుల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. మీ బాబాయి గారు రైల్వే బ్రిడ్జిల మీద పనిచేసిన మనిషి కాబట్టి ఎర్రగా కాల్చి కొట్టమంటున్నారు. కాల్చవచ్చా, పెద్ద గన్ కొనాలా, లేకపోతే ఒకే వైపు నుంచి లాగి బిగించే పుల్ రివెట్లు వేసుకోవచ్చా అన్నది ప్రశ్న.

కాల్చకండి. బాబాయి గారి మాట ఆయన పనికి నూటికి నూరు పాళ్లు నిజం. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ బ్రిడ్జి లాంటి వాటికి కొట్టింది ఉక్కు రివెట్లు. కొలిమిలో ఎర్రగా కాల్చి, పటకారుతో అందించి, వేడి మీదే తల చేసేవాళ్లు. చల్లారేటప్పుడు రివెట్ ముడుచుకుని పలకలను గట్టిగా బిగించేది. మన రివెట్ అల్యూమినియం. అది ఎర్రబడదు, రంగు మారకుండానే 660 డిగ్రీలు చేరకముందే కరిగి కూర్చుంటుంది. అంతకంటే ముఖ్యం, మీ చేతిలో ఉన్న ఏడీ రకం రివెట్ 2117 అనే అల్యూమినియం మిశ్రమం, టీ4 టెంపర్‌లో, అంటే ముందే హీట్ ట్రీట్‌మెంట్ చేసి గట్టిపరిచి వస్తుంది. డబ్బాలోంచి తీసి ఉన్నదున్నట్టు కొట్టాలి. దాన్ని స్టవ్ మీద పెట్టారంటే మెత్తబడుతుంది, తల అందంగా వస్తుంది, మీకు సంతోషం వేస్తుంది. కానీ డిజైనర్ లెక్కపెట్టుకున్న బలం అందులో ఉండదు. ఒక్క 3/16 ఏడీ రివెట్ సింగిల్ షియర్‌లో (ఒక్కచోట అడ్డంగా కోసే బలానికి) 862 పౌండ్లు, అంటే సుమారు 390 కిలోలు మోస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. స్పార్ నిలబడేది ఆ అంకె మీదే.

ఇక అసలు సంగతి. నేను ఇదే ఊళ్లో విమానాల స్ట్రక్చర్ షాపుల్లో పాతికేళ్లకు పైగా రివెట్లు కొట్టాను. నాకు పని నేర్పిన ఉస్తాద్ పాతబస్తీ మనిషి, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. లావు రివెట్ చేతికిచ్చిన రోజు ఒకటే మాట అన్నాడు: "సౌ సునార్ కీ, ఏక్ లోహార్ కీ." కంసాలి వంద దెబ్బలు, కమ్మరి ఒక్క దెబ్బ. మీరు కమ్మరి పనిని కంసాలి సుత్తితో చేస్తున్నారు, అందుకే పగుళ్లు.

లెక్క చూడండి. షాప్ హెడ్, అంటే కొట్టినప్పుడు అవతలి వైపు వచ్చే తల, తయారయ్యేది బయటికి పొడుచుకొచ్చిన కాడలోంచి. ఆ పొడవు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. వ్యాసం పెరిగితే కాడ అడ్డకొలతా పెరుగుతుంది, పొడవూ పెరుగుతుంది. కాబట్టి నలగాల్సిన లోహం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 1/8తో పోలిస్తే 3/16లో దాదాపు మూడున్నర రెట్ల లోహం, 1/4లో ఎనిమిది రెట్లు. పేరుకి రెండు సైజులే ఎక్కువ అనిపిస్తుంది గానీ గన్‌కి అది మూడున్నర రెట్ల పని.

చిన్న గన్ ఈ పని చెయ్యలేక ఏం చేస్తుందంటే, కాడ కొసను మాత్రమే కొద్దికొద్దిగా నలుపుతుంది. లోపల రంధ్రంలో ఉన్న భాగం కదలదు. అల్యూమినియం నలిగేకొద్దీ గట్టిపడుతుంది, దాన్నే వర్క్ హార్డెనింగ్ అంటాం. కొస గట్టిపడింది కాబట్టి తర్వాతి దెబ్బకి ఇంకా తక్కువ నలుగుతుంది, మీరు ట్రిగ్గర్ ఇంకొంచెంసేపు నొక్కుతారు, అది ఇంకా గట్టిపడుతుంది. చివరికి నలగడం మానేసి అంచులో చిట్లుతుంది. బయటికి తల ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల కాడ మాత్రం రంధ్రం నిండకుండా వదులుగానే ఉంటుంది. అదే బరువైన దెబ్బ పడితే ముందు కాడ మొత్తం ఉబ్బి రంధ్రం గోడలకు ఆనుతుంది, ఆ తర్వాతే తల పరుచుకుంటుంది. రివెట్ పనిచేసేదే అలా రంధ్రం నిండినప్పుడు.

ఈ పాఠం నేను కూడా డబ్బులు కట్టే నేర్చుకున్నాను. పనిలో చేరిన మూడో ఏడు ఒక రెక్క రిపేర్‌లో లావు రివెట్లు వచ్చాయి. పెద్ద గన్ వేరే జట్టు దగ్గర ఉంది. వెళ్లి అడగడానికి మొహమాటపడి, చేతిలో ఉన్న చిన్న గన్‌తో, ప్రెషర్ తగ్గించి, "నెమ్మదిగా చేస్తే శుభ్రంగా వస్తుంది" అనుకుని ముప్పైకి పైగా కొట్టేశాను. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ భూతద్దం తీసుకుని వచ్చాడు. ఏమీ అనలేదు. ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో తల మీద చుక్క పెట్టుకుంటూ వెళ్లాడు. సాయంత్రానికి వరస మొత్తం ఎర్రగా ఉంది. వాటిని డ్రిల్ చేసి తీయడానికి రెండు రోజులు పట్టింది, అందులో నాలుగు రంధ్రాలు కోలగా అయిపోయాయి. మొహమాటం ఖరీదు అది.

అందుకని మీరు పెట్టుకోవాల్సిన గుర్తు ఒకటే: 3/16 తల రెండు మూడు సెకన్లలో పూర్తవ్వాలి. నాలుగో సెకను దాటితే ఏదో తక్కువైంది: గన్, గాలి, అవతల ఆనించి పట్టే బార్, ఈ మూడింట్లో ఒకటి.

గన్ సంగతి. 2ఎక్స్ 1/8 వరకే. 3/16కి కనీసం 3ఎక్స్ ఉండాలి, 1/4కి 4ఎక్స్. అంకె పెరిగేకొద్దీ పిస్టన్ ప్రయాణం పెరుగుతుంది, నిమిషానికి పడే దెబ్బలు తగ్గి ఒక్కో దెబ్బ బరువెక్కుతుంది. ఒక్క స్పార్ కోసం 4ఎక్స్ కొనడం నాకైతే దండగ అనిపిస్తుంది. దానికి వేరే దారి ఉంది, కిందకి వస్తాను. 3ఎక్స్ మాత్రం తీసుకోండి, ప్రెషర్ తగ్గిస్తే చిన్న రివెట్లకూ అదే పనికొస్తుంది.

గన్ మార్చినా గాలి చాలకపోతే ఫలితం ఉండదు. నేను చూసిన సొంత షెడ్లలో సగం సమస్యలు ఇక్కడే. రెగ్యులేటర్ మీద గాలి ప్రెషర్ 90 పీఎస్‌ఐ చూపిస్తుంది, ఇంక ఢోకా లేదనుకుంటారు. అది గన్ ఆగి ఉన్నప్పటి రీడింగ్. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ముల్లు చూడండి. పది మీటర్ల సన్నటి చుట్టల పైపు, దానికి మూడు క్విక్ కప్లర్లు తగిలించి ఉంటే ముల్లు సగానికి పడిపోవడం నేను కళ్లారా చూశాను. 3/8 పైపు, వీలైనంత పొట్టిది, తక్కువ జాయింట్లు. కంప్రెసర్ 2 హెచ్‌పీ చాలు, ఎందుకంటే మనం రెండు సెకన్లే కొడతాం. ట్యాంక్ నిండేదాకా ఆగి తర్వాతది కొట్టండి, ఎవరూ తరమడం లేదు. గాలిని వడగట్టి, ప్రెషర్ సర్ది, నూనె అందించే ఎఫ్‌ఆర్‌ఎల్ యూనిట్ పెట్టుకోండి. ఇప్పుడు వానాకాలం, ట్యాంక్ కింద డ్రెయిన్ రోజూ తిప్పితే గ్లాసుడు నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు గన్‌లోకి వెళ్తే పిస్టన్ బద్ధకిస్తుంది.

3/16కి నేను 3ఎక్స్ మీద 60 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, తుక్కు పలక మీద కొట్టుకుంటూ, తల మూడు సెకన్లలోపు వచ్చేదాకా పెంచుతాను. మీ గన్‌కి ఆ అంకె వేరే కావచ్చు. నా అంకె నమ్మకండి, గడియారం నమ్మండి.

బకింగ్ బార్. మా షాపులో డాలీ అనేవాళ్లం. గన్ మూతికి పెట్టి, తల మీద కప్పులా ఆనేది స్నాప్, అవతల పట్టేది డాలీ. మీ కిట్ మాన్యువల్‌లో పేర్లు వేరేగా ఉంటాయి, వస్తువు ఒకటే. గన్ దెబ్బకి డాలీ వెనక్కి ఎగిరితే ఆ దెబ్బ రివెట్‌లోకి పోలేదన్నమాట. 1/8కి 1.4 నుంచి 1.8 కిలోల బార్ సరిపోతుంది. 3/16కి 1.8 నుంచి 2.3 కిలోలు, 1/4కి 2.3 నుంచి 3 కిలోల దాకా కావాలి. మీరు పంపిన ఫొటోలో ఉన్న బార్ అరచేతిలో ఇమిడిపోతోంది, ఉక్కుదైతే కిలో కూడా ఉండదు. టంగ్‌స్టన్ బార్ అయితే ఉక్కుకి రెట్టింపు పైన బరువు, చిన్న సందులో దూరుతుంది, ధర మాత్రం చెవులు మూసుకుని వినాలి. స్పార్‌కి అంత అవసరం లేదు, చోటు బోలెడు ఉంటుంది. బాలానగర్‌లో ఏ మెషిన్ షాపులో అయినా 50 మిల్లీమీటర్ల చదరపు ఉక్కు కడ్డీ 110 మిల్లీమీటర్లు కోయించండి, రెండు కిలోల పైన వస్తుంది. ఒక మొహం సర్ఫేస్ గ్రైండింగ్ చేయించి, అంచులు గుండ్రం చేయించండి. మొహం అద్దంలా ఉండాలి. గీతలుంటే అవి తల మీద ముద్ర పడతాయి, పగులు మొదలయ్యేది అక్కడే.

వాలిపోయిన రివెట్ల గురించి. దీనికి గన్‌ని తిట్టుకోకండి, ఇది చాలావరకు రంధ్రం తప్పు, లేదా పొడవు తప్పు. 3/16కి రంధ్రం 11 నెంబర్ డ్రిల్, అంటే 0.191 అంగుళం, 4.85 మిల్లీమీటర్లు. రాణీగంజ్‌లో సులువుగా దొరికేవి 4.8, 4.9. చాలామంది "దగ్గరే కదా" అని 4.9 వేసేస్తారు, చెయ్యి కాస్త ఊగితే అది 5 అవుతుంది. పల్చటి రేకులో ఆ తేడా తెలియదు. స్పార్‌లో పది మిల్లీమీటర్ల మందం ఉన్నచోట వదులు రంధ్రంలో పొడవాటి కాడ దెబ్బకి మధ్యలో వంగుతుంది, అక్కణ్ణించి తల పక్కకి నడుస్తుంది. ముందు 4.5తో వేసి, అన్ని పలకలూ కలిపి బిగించి, రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే 11 నెంబర్ రీమర్‌తో చేత్తో నిదానంగా తీయండి. రీమర్ తెప్పించడానికి వారం పట్టినా ఆగండి. తర్వాత పలకలు విడదీసి ప్రతి రంధ్రం అంచున లేచిన బర్రు తీయండి, కానీ అతిగా తీసి పళ్లెంలా చేయకండి.

పొడవు: పలకల మొత్తం మందానికి వ్యాసంలో ఒకటిన్నర రెట్లు కలపాలి. మీ స్పార్ మందం 10 మిల్లీమీటర్లనుకుందాం. 3/16 అంటే 4.76, దానికి ఒకటిన్నర రెట్లు 7.1. మొత్తం 17.1. రివెట్ పేరులో చివరి అంకె అంగుళంలో పదహారో వంతులు కాబట్టి 11 అంటే 17.5 మిల్లీమీటర్లు. అంటే ఏఎన్470ఏడీ6-11. మీరు 12 వాడినట్టు రాశారు, అంటే 19 మిల్లీమీటర్లు. అంత పొడుగు కాడ వాలకపోతేనే ఆశ్చర్యం. మందం స్పార్ పొడవునా మారుతుంది, టిప్ (రెక్క కొస) వైపు పలకలు తగ్గుతాయి. కాబట్టి ప్రతి అరడజను రంధ్రాలకు వెర్నియర్‌తో కొలిచి, పొడుగున్నవాటిని రివెట్ కట్టర్‌తో కోసుకోండి. కట్టింగ్ ప్లయర్‌తో కొరికారంటే కొస ఏటవాలుగా తెగుతుంది, అదీ వాలడానికి ఒక కారణమే.

బిగింపు గురించి మాన్యువల్లో ఒక్క వాక్యమే ఉంటుంది గానీ నా దృష్టిలో ఇది సగం పని. పల్చటి రేకులకి క్లీకోలు, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులు చాలు. స్పార్ క్యాప్ లాంటి మందపాటి పట్టీలకి క్లీకో స్ప్రింగు చాలదు. పలకల మధ్య వెంట్రుకంత సందున్నా కాడ అక్కడ ఉబ్బి చిన్న ఉంగరంలా కూర్చుంటుంది, ఇక ఆ సందు ఎప్పటికీ మూసుకోదు. మామూలు 3/16 బోల్టులు, నట్లు వేసి రెండు రంధ్రాలకొకటి బిగించండి. రివెట్ కొట్టేచోటికి అటూ ఇటూ బోల్టు ఉండాలి. మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసల వైపు, ఒకటి ఇటు ఒకటి అటు కొట్టుకుంటూ వెళ్లండి. ఒక కొస నుంచి వరసగా కొట్టుకుంటూ పోతే, ప్రతి రివెట్ ఉబ్బి పట్టీని కొంచెం సాగదీస్తుంది. ఆఖరికి స్పార్ అరటికాయలా వంగుతుంది. పక్కన దారం లాగి కట్టి పెట్టుకోండి, పది రివెట్లకోసారి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

కొట్టేటప్పుడు ఇద్దరుండాలి. మీ శ్రీమతి గారు బార్ పడుతున్నారని రాశారు, మంచిది. బార్ పట్టేవాళ్లని బకర్లంటాం; నేను చూసిన మంచి బకర్లలో చాలామంది అంతకుముందు ఒక్క రివెట్ కూడా కొట్టనివాళ్లే, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. క్రమం ఇది: ముందు బార్ ఆనుతుంది, ఆవిడ "ఊఁ" అంటారు, అప్పుడే ట్రిగ్గర్. గన్ పూర్తిగా ఆగాకే బార్ తీయాలి. బార్ లేకుండా ఒక్క క్షణం గన్ మోగినా రివెట్ వెనక్కి జారి పలక మీద చంద్రవంక పడుతుంది. మాటలు వినిపించని చోట పాత షాపుల్లో బార్‌తో తట్టి చెప్పుకునేవాళ్లం: ఒక తట్టు అంటే ఇంకొంచెం కొట్టు, రెండు తట్లు అంటే బాగుంది, మూడు తట్లు అంటే పాడైంది, తీసెయ్. మీ ఒంటి బరువు గన్ మీద పెట్టండి, స్నాప్ తల మీంచి ఎగరకూడదు. స్నాప్ కూడా 3/16 కప్పుదే కావాలి. 1/8 కప్పుతో కొడితే తల చుట్టూ గీత పడుతుంది. ట్రిగ్గర్‌ని గుచ్చి గుచ్చి వదలకండి. ఒక్కసారి నొక్కి, పూర్తయ్యేదాకా పట్టి, వదిలేయండి. మొదట్లో భయం వేస్తుంది. తుక్కు మీద యాభై కొడితే ఆ భయం పోతుంది. శబ్దం కూడా చెప్తుంది: మొదట బొంగురుగా ఉండి, కాడ రంధ్రం నిండాక ఖణేల్ మని మోగుతుంది. ఆ మార్పు చెవికి పట్టుబడ్డాక గడియారం అక్కర్లేదు.

చెవులంటే గుర్తొచ్చింది. లోపల ప్లగ్గులు, పైన మఫ్ఫులు, ఇద్దరికీ. ఒకటి సరిపోదు. నాకు ఇప్పుడు కుడి చెవిలో రాత్రిపూట కీచురాయి కూస్తూ ఉంటుంది, అది ఆ రోజుల బహుమానం. కూకట్‌పల్లిలో ఒక మిత్రుడు ఫ్లాట్ బాల్కనీలో విమానం తోక భాగమైన ఎలివేటర్ రివెట్ చేస్తుంటే, కింది అంతస్తు పెద్దాయన బోరు వేస్తున్నారేమోనని వచ్చి నీళ్లెన్ని అంగుళాలు పడ్డాయని అడిగాడట. మీకు షెడ్డు ఉంది, అదృష్టవంతులు.

ఇక ఆ వేరే దారి. నా సలహా అడిగితే స్పార్ లావు రివెట్లకి గన్ రెండో ఎంపికే. స్పార్ బల్ల మీద విడిగా ఉంది, రెండు వైపులా చెయ్యి అందుతుంది. ఇలాంటిచోట దెబ్బ కంటే ఒత్తిడి మేలు. 3/16ని నొక్కి తల చేయడానికి కావాల్సిన బలం లెక్క వేస్తే మూడు టన్నుల చుట్టుపక్కల వస్తుంది. 1/4కి అడ్డకొలత 1.78 రెట్లు కాబట్టి ఐదారు టన్నులు. చేత్తో పట్టి గాలితో నొక్కే న్యూమాటిక్ స్క్వీజర్లు చాలావరకు ఒకటిన్నర టన్ను దగ్గర ఆగిపోతాయి, అవి చాలవు. కానీ పది టన్నుల హైడ్రాలిక్ షాప్ ప్రెస్ చాలు, బేరింగులు కొట్టే ప్రతి మెకానిక్ దగ్గరా ఉంటుంది. కింద పళ్లెంలో స్నాప్ కప్పు, పైన నొక్కే రామ్‌కి గ్రైండ్ చేసిన చదును మొహం. పక్కన ఒక స్టాపర్ దిమ్మ పెట్టి, షాప్ హెడ్ ఎత్తు 2.4 మిల్లీమీటర్లకు రాగానే రామ్ ఆగేలా అమర్చుకుంటే ప్రతి తలా అచ్చుపోసినట్టు వస్తుంది. పొడవాటి స్పార్ అటూ ఇటూ ఊగకుండా రోలర్ స్టాండ్లు పెట్టండి, స్పార్ ఒక డిగ్రీ వాలినా తల వాలుతుంది. నిదానంగా ఒక్క ఊపులో నొక్కిన రివెట్‌కి పగుళ్లు రావడం నేను దాదాపు చూడలేదు.

ప్రెస్ దొరక్కపోతే సీ-ఫ్రేమ్. పాతిక మిల్లీమీటర్ల ఉక్కు పలకని సీ ఆకారంలో కోయించి, కింది దవడలో స్నాప్, పై దవడలో బుష్ వేసి అందులో జారే లావు ప్లంజర్ పెట్టించండి. చర్లపల్లిలోనో బాలానగర్‌లోనో ఒక ఫ్యాబ్రికేటర్‌కి బొమ్మ గీసి ఇస్తే రెండు రోజుల పని. ఫ్రేమ్‌ని సిమెంటు నేల మీద ఆనించి, ప్లంజర్ మీద రెండు కిలోల సుత్తితో కొట్టాలి. మొదటిది రివెట్ కూర్చోడానికి మోస్తరు దెబ్బ, తర్వాత మూడో నాలుగో గట్టివి, అంతే. మా ఉస్తాద్ చెప్పిన లోహార్ దెబ్బ అక్షరాలా ఇదే. కంప్రెసర్ లేదు, కరెంటు లేదు. ప్లంజర్ నిలువుగా జారుతుంది కాబట్టి తల వాలే అవకాశం తక్కువ. మీ 1/4 రివెట్లు పది పదిహేనుకి మించవన్నారు కదా, వాటికి 4ఎక్స్ గన్ కొనకుండా ఇది చేయించుకోండి.

కొట్టాక చూసుకోవాల్సినవి. షాప్ హెడ్ వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం: 3/16కి 7.1, 2.4 మిల్లీమీటర్లు, 1/4కి 9.5, 3.2. ఎంత తేడా ఒప్పుకోవచ్చో మీ కిట్ మాన్యువల్ చెప్తుంది, అదే మీకు చట్టం. 2.4 మిల్లీమీటర్ల మందం పట్టీలో 7.1 రంధ్రం వేసి గేజ్‌లా మెడలో వేలాడేసుకోండి, ప్రతిసారీ వెర్నియర్ తీస్తే విసుగొచ్చి కొలవడం మానేస్తాం. ఫ్యాక్టరీ తల (రివెట్‌తో పాటే వచ్చే తల) కింద 0.002 అంగుళం, అంటే 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ కాడదాకా దూరకూడదు. పదింతలు చూపించే భూతద్దంతో అంచులు చూడండి.

ఇంకో హెచ్చరిక. ఫ్యాక్టరీ తల మధ్యలో చిన్న గుంట ఉంటే అది ఏడీ. రెండు ఉబ్బు గీతలుంటే డీడీ, అంటే 2024 మిశ్రమం. అవి హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఇరవై నిమిషాల్లోపు కొట్టాలి, లేదా అప్పటిదాకా గడ్డకట్టే చలిలో దాచాలి; అందుకే ఐస్‌బాక్స్ రివెట్లంటారు. పాత స్టాకు అమ్మేవాళ్ల దగ్గర కిలోల లెక్కన తీసుకుంటే ఇవి కలిసిపోయి వస్తాయి. మామూలుగా కొడితే తప్పకుండా పగులుతాయి. మీ పద్నాలుగింటి తలలు కూడా ఒకసారి చూడండి, గుంట ఉందో లేదో.

పుల్ రివెట్లు: కిట్ డిజైనర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప స్పార్‌లో వద్దు. అంతకంటే చర్చ లేదు. ప్రైమర్ పలకల మధ్య పల్చగా వేసి పూర్తిగా ఆరనివ్వండి, చాలు. ప్రతి దశకీ ఫొటోలు, కొలతలు లాగ్‌బుక్‌లో ఉంచుకోండి. విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏ వాళ్లు రేపు స్పార్ లోపలిది చూపించమంటే రెక్క విప్పలేం. ముంబైలో మేడ మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కి 2017లో గానీ రిజిస్ట్రేషన్ రాలేదు, ఏళ్ల తరబడి తిరిగాడు. కాగితాలు ఇప్పటినుంచే పేర్చుకోండి.

చివరగా ఆ పద్నాలుగు. పగిలిన మూడూ, వాలినవీ మాత్రమే తీస్తే సరిపోదా అని అడిగారు. పది సెకన్లు కొట్టిన రివెట్ దేనికీ లోపల రంధ్రం నిండిందని నేను నమ్మను. అన్నీ తీయండి. ఫ్యాక్టరీ తల వైపు నుంచే డ్రిల్ చెయ్యాలి, మధ్యలో గుంట ఉంది కాబట్టి బిట్ జారదు. కాడ కంటే ఒక సైజు తక్కువ బిట్‌తో తల మందం వరకే వెళ్లి, పిన్ పంచ్‌తో తలను పక్కకి విరిచేయండి. పలక వెనక, షాప్ హెడ్ చుట్టూ, రంధ్రం ఉన్న చెక్కదిమ్మ ఆనించి కాడని తట్టి బయటికి పంపండి. దిమ్మ లేకుండా కొడితే పలక వంగుతుంది. కాడ బయటికి రాగానే రంధ్రం కొలవండి. 4.85 దగ్గరే ఉంటే సరైన పొడవు రివెట్‌తో మళ్లీ కొట్టుకోవచ్చు. కోలగా అయినవి ఉంటే, తర్వాతి సైజుకి వెళ్లాలన్నా బోల్టు వేయాలన్నా అంచు దూరం చాలాలి: రంధ్రం మధ్య నుంచి పలక అంచుకి 3/16కి కనీసం 9.5 మిల్లీమీటర్లు, 1/4కి 12.7. ఆ కొలతలు, ఫొటోలు కిట్ కంపెనీకి పంపించండి. వాళ్ల జవాబు వచ్చేదాకా ఆ రంధ్రాల జోలికి వెళ్లకండి. ఈలోగా తుక్కు పలకల మీద యాభై కొట్టి, వాటిలో నాలుగైదింటిని రంపంతో నిలువుగా రెండు ముక్కలు కోసి, లోపల కాడ రంధ్రం గోడకి ఆనిందో లేదో చూసి ఆ ఫొటోలు నాకు పెట్టండి.